అలల చప్పుడు వినపడని చోటు

రోడ్డు పని మొదలైన ఏడాదే అయ్యప్ప సముద్రం మానేశాడు.

ఆ వేసవిలో అతనూ, తమ్ముడు శోభనాద్రీ వేట నుంచి తిరిగొస్తుంటే హంసలదీవి దగ్గర, కృష్ణ సముద్రంలో కలిసే మొగలో పడవ బోల్తా పడింది. ఏటి నీరూ ఉప్పు నీరూ ఒకదాన్నొకటి తోసుకునే చోటు అది. అల ఎటునుంచి లేస్తుందో అక్కడే పుట్టి పెరిగినవాళ్ళకు కూడా అంతుపట్టదు. అయ్యప్ప విరిగిన చెక్కను పట్టుకుని మడచెట్ల దాకా కొట్టుకొచ్చాడు. శోభనాద్రి రాలేదు. పల్లెలోని పడవలన్నీ వెళ్ళి వెతికాయి. శవం కూడా దొరకలేదు. చివరికి మనిషి లేకుండానే కర్మ చేశారు.

కర్మ అయ్యాక పల్లెలో మగవాళ్ళు మర్యాదగానే ఎదురుచూశారు. ఇవాళ కాకపోతే రేపు అయ్యప్ప వల భుజాన వేసుకుంటాడనుకున్నారు. అతని భార్య నాగమల్లేశ్వరి కూడా అలాగే అనుకుంది. వాళ్ళ పెళ్ళయి ఎన్నాళ్ళో కాలేదు. అతను ఆమెకు సొంత మేనత్త కొడుకు. చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి, వేట లేకపోతే పొద్దుపోని మనిషి. అలాంటివాడు ఒకరోజు ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"మోపిదేవి కాడ రోడ్డు పనికి మనుషుల్ని తీసుకుంటున్నారంట. వెళ్తున్నా," అన్నాడు.

"ఎన్నాళ్ళు బావా?"

"పనున్నన్నాళ్ళు."

అత్త బుల్లెమ్మ వాకిట్లో చేపలు ఆరబెడుతోంది. తల ఎత్తకుండానే, "వెళ్ళనియ్యవే మల్లీ," అంది.

బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవిల మీదుగా పులిగడ్డ దాకా ఉన్న ఇరుకు రోడ్డును అప్పుడు జాతీయ రహదారిగా మారుస్తున్నారు. పులిగడ్డ దగ్గర కృష్ణ మీద వంతెన కట్టి అవతల రేపల్లె వైపుకు కలుపుతారనీ, తీరం వెంటే ఒంగోలు దాకా వెళ్ళిపోవచ్చనీ బస్సుల్లో చెప్పుకునేవారు. అయితే అది ఒక్క ఊపున జరిగే పని కాదు. ముక్కలు ముక్కలుగా చేశారు. ఒకచోట చెట్లు కొట్టేవారు, ఇంకోచోట మట్టి పోసేవారు, మధ్యలో మైళ్ళకు మైళ్ళు పాత గుంటల రోడ్డే. అయ్యప్ప మొదట కంకర గంపలు మోశాడు. తర్వాత రోడ్డు రోలరు మీద సాయంగా ఎక్కాడు. ఏడాది తిరిగేసరికి దానికి డ్రైవరయ్యాడు.

మల్లేశ్వరి చేపల అమ్మకం మొదలుపెట్టింది. పడవలు ఒడ్డుకొచ్చాక సరుకు కొని, ఐసు ముక్కలు వేసి, గంప బస్సు మీదకెక్కించి కోడూరు, అవనిగడ్డ దాటి చల్లపల్లి మార్కెట్‌కి వెళ్ళేది. మోపిదేవి దగ్గర పని జరిగినన్నాళ్ళూ ఆమెకు ఆ బస్సు ప్రయాణమంటే ఇష్టంగా ఉండేది. కిటికీలోంచి రోలరు కనపడేది. దాని మీద తలగుడ్డ చుట్టుకుని అయ్యప్ప కనపడేవాడు. అతను చెయ్యి ఎత్తేవాడు. బస్సు దుమ్ములో కలిసిపోయేది.

మొదట్లో అతను ఆదివారం ఆదివారం ఇంటికొచ్చేవాడు. తర్వాత నెలకోసారి. వచ్చినా కుదురుగా ఉండేవాడు కాదు. అన్నం తినేవాడు, తల్లి పక్కన కాసేపు కూర్చునేవాడు, మల్లేశ్వరి ఏదైనా చెప్తే ఊ కొట్టేవాడు. పడుకున్నాక ఎప్పుడు మెలకువొచ్చినా పక్క ఖాళీగా ఉండేది. వాకిట్లో మోకాళ్ళు పట్టుకుని కూర్చున్న అతని వీపు కనపడేది. మొదటి బస్సుకు తయారైపోయేవాడు.

"ఇంకో పూట ఉండొచ్చుగా బావా," అనేది.

"రోలరు వదిలేసి వచ్చా," అనేవాడు.

తన మీద మనసు పోయిందేమోననుకుంది మల్లేశ్వరి. చల్లపల్లి మార్కెట్‌లో పక్కన కూర్చుని చేపలమ్మే దయామణి ఆ అనుమానానికి ఇంకాస్త నీళ్ళు పోసింది. "రోడ్డు పనోళ్ళకి క్యాంపుకో కాపురం ఉంటదంట వదినా, నీ మొగుణ్ణి ఓ కంట కనిపెట్టుకో," అంది నవ్వుతూ. మల్లేశ్వరి కూడా నవ్వింది. ఆ రోజు మిగిలిన చేపలు తిరిగి ఎత్తుకోవడం మర్చిపోయి బస్సెక్కేసింది.

ఆ వానాకాలం ముందు పని ఆగిపోయింది. కంట్రాక్టరు మధ్యలో వదిలేసి వెళ్ళాడు. కూలీలు చెదిరిపోయారు. చల్లపల్లికి ఇవతల, మట్టి కట్ట పక్కన, రోలరు ఒంటరిగా నిలబడిపోయింది. దాన్ని కనిపెట్టుకుని ఉండే పని అయ్యప్ప మీద పడింది. ఈ సంగతి తెలిసి మల్లేశ్వరి ఒకరోజు మార్కెట్ అయ్యాక ఖాళీ గంపతో నడుచుకుంటూ అక్కడికి వెళ్ళింది. రోలరుకూ ఒక తుమ్మచెట్టుకూ మధ్య టార్పాలిన్ కట్టి ఉంది. ఇటుకల పొయ్యి, ఒక సత్తు గిన్నె, దండెం మీద రెండు బట్టలు. క్యాంపు కాపురమేమీ లేదు. అయ్యప్ప పడుకుని నిద్రపోతున్నాడు.

ఆమె లేపలేదు. పక్కన కూర్చుంది. లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయినా అతను కదల్లేదు. నోరు కొద్దిగా తెరిచి, చెయ్యి తల కింద పెట్టుకుని, పసిపిల్లాడిలా పడుకున్నాడు. పెళ్ళయిన కొత్తలో తప్ప అతన్ని అలా చూసిన గుర్తు లేదు ఆమెకు. లేచాక ఆమెను చూసి సిగ్గుపడ్డట్టు నవ్వాడు.

"ఎప్పుడొచ్చావే?"

"ఇప్పుడే."

"తిన్నావా?"

"నువ్వు వండుతావా ఏంటి?"

"వండుతా. కూర్చో."

ఆ వానాకాలమంతా మల్లేశ్వరి వారంలో సగం రోజులు అక్కడే ఉంది. అత్త ఏమీ అనలేదు, పైగా ఎండుచేపలు మూటకట్టి పంపేది. టార్పాలిన్ మీద వాన పడుతుంటే ఇద్దరూ లోపల కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. అతను రోడ్డు గురించి చెప్పేవాడు, కంకర ఏ పొరలో ఎంత లావు వేస్తారో, తారు చల్లారకముందే రోలరు ఎలా నడపాలో. ఆమె పల్లె కబుర్లు చెప్పేది. పల్లె మాట వచ్చినప్పుడు అతను పొయ్యిలో పుల్లలు ఎగదోసేవాడు.

ఒకసారి సైట్ సూపర్‌వైజర్ రాధాకృష్ణమూర్తి స్కూటర్ మీద వచ్చాడు. గుడివాడ మనిషి, నెమ్మదస్తుడు. మల్లేశ్వరిని చూసి, "చేపల కూర వాసన రోడ్డు దాకా వస్తోందమ్మా," అన్నాడు. ఆమె ముక్కాలిపీట వేసి అన్నం పెట్టింది.

"పని మళ్ళీ ఎప్పుడు మొదలవుద్దండీ?" అని అడిగింది.

"పైనుంచి ఉత్తర్వు రావాలి. ఆగడమూ మంచిదేలే. మన డెల్టా నేల మెత్తన. పోసిన మట్టి ఒకటి రెండు వానలు తిని కూర్చోవాలి. తొందరపడి తారు వేస్తే కుంగిపోతుంది."

ఉత్తర్వు రాకపోతే బాగుండునని ఆమె మనసులో మొక్కుకుంది. రోడ్డు పూర్తయితే బస్సు తొందరగా వెళ్తుంది, చేప తాజాగా అమ్ముకోవచ్చు. అది తెలిసి కూడా అలాగే మొక్కుకుంది.

ఉత్తర్వు వచ్చింది. అయితే ఈ ముక్కకు కాదు. గుడివాడ అవతల కైకలూరు వైపు వెళ్ళే ఇంకో జాతీయ రహదారి పనికి రోలర్లను తరలించమన్నారు. ట్రాలీ మీద రోలరును ఎక్కించి, దాని పక్కన తన మూట పెట్టుకుని అయ్యప్ప వెళ్ళిపోయాడు. అప్పటికి మల్లేశ్వరి కడుపుతో ఉంది.

కూతురు పుట్టినప్పుడు అతను అవనిగడ్డ ఆసుపత్రికి వచ్చాడు. బిడ్డకు సాయిలక్ష్మి అని పేరు పెట్టాడు. బారసాల కోసం పల్లెకు రమ్మంటే, "పని ఆగుతుంది," అన్నాడు. బిడ్డ బోర్లాపడ్డాక ఒకసారి, నడక నేర్చాక ఒకసారి వచ్చాడు. రెండుసార్లూ మల్లేశ్వరిని చల్లపల్లికే రమ్మన్నాడు. బస్టాండు బెంచీ మీద కూర్చుని పిల్లని ఎత్తుకుని బిస్కెట్లు తినిపించి మళ్ళీ బస్సెక్కాడు. అప్పుడప్పుడూ కోడూరు ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసేవాడు. కబురందుకుని ఆమె పల్లె నుంచి వచ్చి బూత్ దగ్గర కాచుకుని కూర్చునేది. అతను మళ్ళీ చేసే ఫోను మోగేదాకా చెప్పదలుచుకున్నవన్నీ వరసగా అనుకునేది. తీరా మోగాక, "బానే ఉన్నాం. నువ్వెట్టా ఉన్నావు?" అనేది. బూత్‌లో వేరేవాళ్ళు వింటూ ఉండేవారు.

ఏళ్ళు అలా గడిచాయి. ఇటు బందరు రోడ్డు మీద పని మళ్ళీ అందుకుంది, వేరే కంట్రాక్టరు, వేరే రోలరు. కొత్తగా తారు వేసిన ముక్క మీదకి బస్సు ఎక్కినప్పుడు ఒక్కసారి కుదుపు ఆగిపోయేది. మిగతా ఆడవాళ్ళు హమ్మయ్య అనుకునేవారు. మల్లేశ్వరి మాత్రం కిటికీలోంచి రోలరు మీది మనిషిని చూసేది. ఎవరో కుర్రాడు. మొహం తిప్పుకునేది. పులిగడ్డ దగ్గర ఏట్లో వంతెన స్తంభాలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. వాటి మీద ఏమీ లేకుండా ఆకాశంలోకి చూస్తూ చాలాకాలం నిలబడ్డాయి.

ఒక చలికాలం బుల్లెమ్మకు జ్వరం, ఆయాసం పట్టుకున్నాయి. మందులు వేసుకున్నా తగ్గలేదు. ఒకరోజు కోడల్ని పిలిచి, "పెద్దోణ్ణి ఒక్కసారి చూడాలనుందే," అంది. ఏనాడూ కొడుకు రాలేదని అడగని మనిషి అలా అనేసరికి మల్లేశ్వరికి భయం వేసింది. పిల్లని చంకనేసుకుని బయల్దేరింది. బందరులో బస్సు మారి గుడివాడ చేరింది. రాధాకృష్ణమూర్తి ఇల్లు కనుక్కుంటే ఆయన కంపెనీ జీపులో ఎక్కించుకుని క్యాంపు దాకా తీసుకెళ్ళాడు.

రెండువైపులా చేపల చెరువులు, మధ్యలో ఎత్తుగా పోసిన కట్ట. కట్ట మీద అయ్యప్ప రోలరు నడుపుతూ వస్తున్నాడు. ఆమెను చూసి ఇంజను ఆపాడు. దిగి వచ్చి సాయిలక్ష్మి ముందు కూర్చుని చేతులు చాచాడు. పిల్ల తల్లి చీర కుచ్చెళ్ళ వెనక దాక్కుంది.

"నాన్నే, వెళ్ళు," అంది మల్లేశ్వరి.

పిల్ల వెళ్ళలేదు. అయ్యప్ప చేతులు మెల్లగా కిందికి దించాడు.

"అత్తకి బాలేదు. నిన్ను చూడాలంటంది. ఈసారి పనీ గినీ అనకు బావా," అంది ఆమె.

అతను తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని చొక్కా కోసం వెళ్ళాడు.

బస్సులో పిల్ల కొద్దికొద్దిగా చేరికైంది. అవనిగడ్డ దాటేసరికి తండ్రి ఒళ్ళో కూర్చుని అతని చేతి మీది తారు మచ్చల్ని గోకుతోంది. కోడూరు వచ్చింది. పల్లెకు వెళ్ళే బస్సు పక్కనే ఆగి ఉంది. మల్లేశ్వరి ఎక్కి సీటు పట్టి వెనక్కి చూస్తే అతను కిందే నిలబడి ఉన్నాడు. ఆమె మళ్ళీ దిగింది.

"నేనిక్కడే ఉంటా మల్లీ. అమ్మని నువ్వు ఇక్కడికి తీసుకురా."

"జ్వరంతో మూలుగుతున్న మనిషిని ఇక్కడికి తేవాలా? ఇంత దూరం వచ్చి ఇంటికి రావా? నేను నీకు అంత చేదయ్యానా?"

చుట్టూ జనం ఉన్నారు. అయినా ఆమె గొంతు తగ్గించలేదు. ఇన్నేళ్ళ మాట అది. అయ్యప్ప పిల్లని దించి, టీకొట్టు పక్కన బల్ల మీద కూర్చున్నాడు.

"ఆరోజు చెక్క పట్టుకుని ఉన్నానా... వాడు పిలుస్తానే ఉన్నాడు. అన్నయ్యా, అన్నయ్యా అని. మనిషి కనపడలేదు. ఆ హోరులో ఎటునుంచో తెలీలేదు. నేను మడచెట్ల కాడికి కొట్టుకొచ్చేదాకా వినపడింది."

మల్లేశ్వరి అతని పక్కన కూర్చుంది.

"మనింట్లో పడుకుంటే సముద్రం హోరు వస్తది గదా. అందులో వాడు పిలుస్తానే ఉంటాడు. వెళ్ళి చూడకపోతే ఎట్టా అని లేస్తా. లేచి ఎక్కడికెళ్తా? వాకిట్లో కూర్చుంటా. ఈ రోడ్డు మీద పడుకుంటే ఏ చప్పుడొచ్చినా నిద్రపడుద్ది. అంతే మల్లీ. నువ్వు చేదవటమేంటి?"

"నాకెందుకు చెప్పలేదు బావా? ఇన్నేళ్ళు."

"చెప్తే నీక్కూడా వినపడుద్దని భయమేసింది. నువ్వుండేది అక్కడే గదా."

ఆమె పిల్లని అతని దగ్గర వదిలి పల్లెకు వెళ్ళి, ఆటో మాట్లాడి, బుల్లెమ్మను దుప్పటి చుట్టి కూర్చోబెట్టుకుని వచ్చింది. తల్లీకొడుకులు ఆటోలోనే పక్కపక్కన కూర్చున్నారు. బుల్లెమ్మ కొడుకు చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. "నాకు తెలుసురా. అందుకే ఏనాడూ ఉండమన్లేదు," అంది. అదే ఆటోలో ఆమెను అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అయ్యప్ప మంచం పక్కనే ఉన్నాడు. ఆమె కోలుకుని లేచి కూర్చునేదాకా కదల్లేదు.

పల్లె వదిలెయ్యాలని ఆసుపత్రిలోనే మల్లేశ్వరి నిర్ణయించుకుంది. మోపిదేవి దాటాక, కొత్త రోడ్డు పక్కన, ఒకరి మెరక స్థలం అద్దెకు దొరికింది. అక్కడ తాటాకు ఇల్లూ, ముందు వంటషెడ్డూ వేసి లారీల వాళ్ళకు చేపల కూరా అన్నం పెట్టొచ్చు. అత్తతో చెప్పింది.

"మంచి పని చేస్తున్నావే," అంది బుల్లెమ్మ.

"నువ్వూ రా అత్తా. అందరం కలిసుందాం."

"నేను రాను. చిన్నోడు ఆడే ఉన్నాడు గదా. పెద్దోడి కాడికి నువ్వెళ్ళు."

ఎంత చెప్పినా వినలేదు. పక్కింటివాళ్ళు చూసుకుంటామన్నారు. చివరికి మల్లేశ్వరి గిన్నెలూ, పరుపుచుట్టా ఆటోలో పెట్టుకుని పల్లె దాటింది. సరుగుడు తోపులు వెనకబడ్డాక వెనక్కి తిరిగి చూడకూడదనుకుంది. చూసింది. తోపుల వెనక సముద్రం కనపడదు, తెల్లటి వెలుతురు మాత్రం కనపడుతుంది.

అయ్యప్ప కొత్త ఇంటికి వచ్చిన మొదటిసారి అన్నం తిని మంచం మీద వాలాడు. పొద్దెక్కి షెడ్డులోకి జనం వచ్చినా లేవలేదు. సాయిలక్ష్మి కదపబోతే మల్లేశ్వరి చెయ్యి పట్టి ఆపింది. తర్వాత తరచుగా రావడం మొదలుపెట్టాడు. కైకలూరు వైపు పని ముగిశాక ఈ రోడ్డు మీదికే మార్చమని రాధాకృష్ణమూర్తిని అడిగాడు. చివరి పొర తారు వాళ్ళ ఇంటి ముందు వేసిన రోజు రోలరు మీద అయ్యప్పే ఉన్నాడు. పులిగడ్డ వంతెన మీద బస్సులు తిరగడం మొదలైంది. పడవ మీద రేపల్లె వెళ్ళేవాళ్ళు బస్సులోనే ఏరు దాటేస్తున్నారు.

క్యాంపు ఎత్తేస్తూ రాధాకృష్ణమూర్తి షెడ్డులో అన్నం తినడానికి వచ్చాడు. "ఒరిస్సాలో పెద్ద పని వచ్చిందయ్యా. వస్తావా?" అని అడిగాడు.

"రానండీ," అన్నాడు అయ్యప్ప. "ఇక్కడ గుంటలు పూడ్చే పని ఉందన్నారు. చేసుకుంటా."

అలా అతను ఇంటిమనిషి అయ్యాడు. పొద్దున వెళ్ళి సాయంత్రం వస్తాడు. కూతుర్ని బడి దగ్గర దింపుతాడు. షెడ్డు మూసేవేళకు బల్లలు తుడుస్తాడు. మల్లేశ్వరి ఇన్నేళ్ళూ ఏం కోరుకుందో అదంతా జరిగింది.

అయితే ఇప్పుడు నిద్రపట్టనిది ఆమెకు. పుట్టినప్పటి నుంచీ చెవుల్లో ఉన్న హోరు లేదు. అది లేకపోతే ఇల్లు ఇల్లులా ఉండదని ఆమెకు ఎప్పుడూ తోచలేదు, ఉన్నన్నాళ్ళూ అది ఉన్నట్టే తెలియలేదు. గాలి మారితే తెలిసేది కాదు, ఆటు పోటు తెలిసేది కాదు. చేపలు తెచ్చే ఆటో ఆగినప్పుడు గంపలోకి వంగి ఒక క్షణం ఎక్కువసేపు ఉండేది. ఈ సంగతి అయ్యప్పకు చెప్పలేదు. అతనికి ఎలా తెలిసిందో, ఒకరోజు, "అమ్మని చూసి రావాలనుంటే వెళ్దాం," అన్నాడు. ఆ తర్వాత నెలకోసారి మోపెడ్ మీద ముగ్గురూ వెళ్ళేవారు. కోడూరులో అతనూ సాయిలక్ష్మీ ఆగిపోయేవారు. మల్లేశ్వరి బస్సెక్కి పల్లెకు వెళ్ళి వచ్చేది.

మాఘమాసంలో ఒకసారి కోడూరు వచ్చినా అతను మోపెడ్ ఆపలేదు. ఆమె వెనక సీటు మీద నుంచి అతని భుజం పట్టుకుంది. పొలాలు దాటాయి, రొయ్యల చెరువులు దాటాయి. సరుగుడు తోపు మొదట్లో అతను బండి ఆపి స్టాండు వేశాడు. మొహం పాలిపోయి ఉంది. గాలి తోపులోంచి వస్తోంది.

"ఇక్కడ ఉంటాలే. నువ్వెళ్ళిరా," అన్నాడు.

"ఉండగలవా?"

"పాప ఉందిగా."

మల్లేశ్వరి నడుచుకుంటూ వెళ్ళింది. బుల్లెమ్మ గుమ్మంలో చిరిగిన వల కుడుతోంది. కొడుకు తోపు దాకా వచ్చాడని చెప్తే సూది ఆపి అటువైపు చూసింది, మళ్ళీ కుట్టుకుంది. మల్లేశ్వరి ఆమెకు తెచ్చిన కూర గిన్నె లోపల పెట్టి ఒడ్డుకు వెళ్ళింది. చీర కొద్దిగా ఎత్తి పట్టుకుని నీళ్ళలో నిలబడింది. పాదాల కింద ఇసుక జారిపోతుంటే మళ్ళీ మళ్ళీ సర్దుకుని నిలబడింది. అనుకున్న దానికన్నా ఎక్కువసేపు ఉండిపోయింది.

"వెళ్ళవే, వాడు ఎండలో ఉంటాడు," అని బుల్లెమ్మ వెనక నుంచి పిలిచింది.

ఆమె తోపు దగ్గరికి వచ్చేసరికి సాయిలక్ష్మి తండ్రి భుజం మీద నిద్రపోతోంది. అయ్యప్ప బండికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. చెమటకు చొక్కా తడిసింది కానీ, వెళ్ళిపోలేదు. ఆమె చీర అంచు తడిసి ఇసుక అంటుకుని ఉండడం చూశాడు.

"ఎట్టా ఉంది?" అని అడిగాడు.

తల్లి గురించో, సముద్రం గురించో ఆమెకు తెలియలేదు.

"నెమ్మదిగానే ఉంది బావా," అంది.

అతను తల ఊపాడు. పిల్లని ఆమె భుజానికి అందించి మోపెడ్ స్టార్ట్ చేశాడు.